బత్తాయి తొక్కలు పడ్డాక గ్యాసు ఎందుకు ఆగింది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చెత్త గురించే. వంటింటి చెత్త, హోటల్ నూనె, పొలంలో మిగిలిన గడ్డి... వీటి నుంచి ఇంధనం తీయొచ్చా, మందులకూ రంగులకూ పనికొచ్చే రసాయనాలు తీయొచ్చా, డబ్బు మిగులుతుందా అని అడిగారు. జీడిమెట్ల వైపు ఫెర్మెంటేషన్ ప్లాంట్లలో చాలా ఏళ్ళు పనిచేసి, ఇప్పుడు హబ్సిగూడలో ఉంటున్నాను. ఎవరు ఏ చెత్త గురించి అడిగినా ముందు రెండు సంగతులు తెలుసుకుంటాను. ఒకటి, మీ దగ్గరున్నది తడిదా, పొడిదా, జిడ్డుదా? తడిది సూక్ష్మజీవులకు పెట్టాలి, పొడిది మంటకు ఇవ్వాలి, జిడ్డుది రియాక్టర్‌లోకి పోవాలి. రెండోది, అది ఇప్పటికే ఒకచోట పోగై ఉందా, లేక ఊరంతా తిరిగి ఏరుకోవాలా? ఈ రెండింటికీ జవాబు దొరికితే మిషన్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ప్రశ్న: మాది 80 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. రోజుకు 50 కిలోల తడి చెత్త పట్టే బయోగ్యాస్ ప్లాంటు పెట్టించాం. రెండు నెలలు గ్యాసు బాగా వచ్చింది, వాచ్‌మన్ ఇంట్లో వంటంతా దాని మీదే. తర్వాత కింద జ్యూస్ షాపు నుంచి రోజూ రెండు బకెట్ల బత్తాయి తొక్కలు కూడా వేయడం మొదలుపెట్టాం. ఒక పెళ్ళిలో మిగిలిన అన్నం, బిర్యానీ ఒకే రోజు పోసేశాం. ఇప్పుడు స్టవ్ అంటుకోవడం లేదు, పుల్లటి కంపు. అమ్మినవాళ్ళు ఫోన్ ఎత్తడం లేదు. ఏం చేయాలి? (అసోసియేషన్ కార్యదర్శి, నిజాంపేట)

జవాబు: ప్లాంటు పాడవలేదండీ, దానికి అజీర్తి చేసింది. ఆ ట్యాంకు ఆవు పొట్ట లాంటిదనుకోండి. అందుకే మొదట్లో మీ చేత పేడ పోయించి ఉంటారు. మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులు పశువుల పొట్టలోంచే పేడలోకి వస్తాయి.

లోపల రెండు జట్లు పనిచేస్తుంటాయి. మొదటి జట్టు అన్నాన్ని, కూరగాయ తొక్కల్ని విరగ్గొట్టి ఆమ్లాలుగా మారుస్తుంది. దానికి గంటలు చాలు. రెండో జట్టు ఆ ఆమ్లాల్ని తిని మీథేన్ వదులుతుంది. ఇది నెమ్మది జట్టు, దీని సంఖ్య రెట్టింపు కావడానికి రోజులు పడుతుంది. మీరు బిర్యానీ అంతా ఒకేసారి పోసేసరికి మొదటి జట్టు పండగ చేసుకుంది. ఆమ్లం కుప్పపడింది. పులుపు ఎంతుందో చెప్పే కొలత పి.హెచ్. (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). అది 7 దగ్గర ఉండాల్సింది 6.5 కన్నా కిందికి పడితే రెండో జట్టు పని మానేస్తుంది. అప్పుడు పైకి వచ్చే గ్యాసులో కార్బన్ డయాక్సైడే ఎక్కువ. బాగున్న ప్లాంటులో మీథేన్ 55 నుంచి 65 శాతం దాకా ఉంటుంది, అది తగ్గితే స్టవ్ వెలగదు. మీరు చెప్పిన పుల్లటి కంపు కూడా ఆ ఆమ్లాలదే.

ఇక బత్తాయి తొక్కలు. చిన్నప్పుడు తొక్కని దీపం దగ్గర పిండితే చిటపటమని మెరుపులు వచ్చేవి గుర్తుందా? ఆ మండేది లిమొనీన్ అనే నూనె. తొక్కలోకి పురుగూ బూజూ రాకుండా చెట్టు పెట్టుకున్న కాపలా అది. మీ ట్యాంకులోని సూక్ష్మజీవుల మీదా అదే పనిచేస్తుంది. ఇంట్లో నాలుగు నిమ్మచెక్కలు పడితే ఏమీ కాదు. రోజూ రెండు బకెట్లంటే మాత్రం విషం పోసినట్టే.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. వారం పది రోజులు ఏమీ వేయకండి. ల్యాబ్ సామాను అమ్మే షాపులో పి.హెచ్. కాగితాలు కొని రోజూ స్లర్రీ, అంటే ట్యాంకులోని జావ, చూడండి. తినే సోడా నీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా పోయండి. సున్నం కూడా పనిచేస్తుంది కానీ చెయ్యి జారితే పి.హెచ్. ఒక్కసారిగా ఎగబాకుతుంది, అందుకే నేను సోడానే చెప్తాను. దగ్గర్లో డెయిరీ ఉంటే తాజా పేడ తెచ్చి పలచగా కలిపి పోయండి. పి.హెచ్. 7కు చేరి మంట నీలంగా వచ్చాక, రోజుకు పది పన్నెండు కిలోలతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. అన్నం, పిండి పదార్థాలు ఎక్కువున్న రోజున వాటిని రెండు మూడు రోజులకు పంచండి.

ఎంత గ్యాసు ఆశించాలో కూడా తెలిసి ఉండాలి, లేకపోతే మీటింగుల్లో గొడవలు. కిలో వంటింటి చెత్తకు సుమారు 80 నుంచి 100 లీటర్ల గ్యాసు వస్తుంది. రోజుకు 50 కిలోలు పక్కాగా వేస్తే నాలుగైదు ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరు బయోగ్యాస్ దాదాపు 430 గ్రాముల ఎల్.పి.జి.తో సమానం. అంటే ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండరు వారానికొకటి ఆదా అవుతుంది. దీంతో అపార్ట్‌మెంట్ మొత్తానికి వంట జరగదు. వాచ్‌మన్ ఇంటికి సరిపోయి, ఇంకొకరికి కొంత మిగులుతుంది.

కుళ్ళిన గుడ్డు వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్. స్టవ్‌ని, పైపుల్ని తినేస్తుంది. బాలానగర్ లేత్ షాపుల్లో దొరికే ఇనప రజను తడిపి తుప్పు పట్టించి, గ్యాసు పైపు దారిలో ఒక డబ్బాలో నింపితే ఆ వాయువుని అదే పట్టేసుకుంటుంది. తుప్పు నల్లగా మారిందంటే పని అయిపోయినట్టు. ఆ నల్ల రజను బయటికి తీయగానే బాగా నీళ్ళు చల్లండి. పొడిగా గాలి తగిలితే దానంతటదే వేడెక్కి అంటుకోగలదు.

ఇంకొక్కటి, దయచేసి ఇది మీ నోటీసు బోర్డు మీద పెట్టండి. ఏ కారణం చేతా ట్యాంకులోకి మనిషిని దించొద్దు. మోటారు పడినా, పైపు మూసుకుపోయినా సరే. లోపల ఊపిరికి గాలి ఉండదు, ఆ హైడ్రోజన్ సల్ఫైడ్ కాస్త ఎక్కువైతే ముక్కు దాని వాసనే పసిగట్టలేదు. మ్యాన్‌హోళ్ళలో, సెప్టిక్ ట్యాంకుల్లో మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు చదివినప్పుడల్లా నాకు నిద్ర పట్టదు. పేదవాడి చేతిలో ఐదొందలు పెట్టి దించడం మహా పాపం.

ఎప్పుడైనా వీలు చూసుకుని మీ కమిటీ వాళ్ళతో బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లోని ప్లాంటు గురించి తెలుసుకోండి. తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐ.ఐ.సి.టి. శాస్త్రవేత్తలు రూపొందించిన రియాక్టర్ అది. రోజుకు పది టన్నుల కూరగాయల చెత్త నుంచి దాదాపు 500 యూనిట్ల కరెంటు, క్యాంటీన్ వంటకు గ్యాసు తీసేలా కట్టారు. 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో కూడా దాని గురించి చెప్పారు. అక్కడ సగం విజయం ఎక్కడుందంటే, చెత్త అంతా మార్కెట్ గేటు లోపలే పుడుతోంది. లారీ ఖర్చు లేదు, ప్లాస్టిక్ కలవడం తక్కువ. ముందే ముక్కలు చేసి, గుజ్జుగా రుబ్బి లోపలికి పంపుతారు. మీరూ ఒక పాత గ్రైండరు పెట్టుకోండి, తేడా మీకే కనిపిస్తుంది.

ప్రశ్న: నేను ఇంట్లో సకినాలు, గారెలు, చెక్కలు చేసి షాపులకు వేస్తాను. వారానికి ఇరవై లీటర్ల దాకా నల్లబడ్డ నూనె మిగులుతుంది. ఒకతను స్కూటర్ మీద వచ్చి క్యాన్లలో పట్టుకెళ్ళి డబ్బిస్తాడు. బయోడీజిల్‌కి అంటాడు. అది మళ్ళీ బజ్జీల బండికే పోతోందేమో అని నాకు భయం. నేనే ఇంట్లో బయోడీజిల్ చేసుకోవచ్చా? (దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: అమ్మా, మీకు భయం వేసిందంటేనే మీరు మంచి వ్యాపారి. ఆ భయం నిజమే కూడా. కాగితం లేకుండా పోయే నూనె చాలా చోట్ల వడకట్టి మళ్ళీ బాణలిలోకే వస్తుంది. నూనెని మళ్ళీ మళ్ళీ కాచినప్పుడు పుట్టే పదార్థాలన్నిటినీ కలిపి టి.పి.సి. అని కొలుస్తారు. అది 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జులై నుంచి నిబంధన ఉంది. ఆ ఏడాదే ఆగస్టులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. ‘రూకో’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. వాడేసిన నూనెని సేకరించి బయోడీజిల్ చేసేవాళ్ళ పేర్లు వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉంటాయి. మీ దగ్గరికి వచ్చే అతన్ని రెండే అడగండి: ఏ కంపెనీకి ఇస్తున్నావు, రసీదు ఇస్తావా? రెండింటికీ సరిగ్గా చెప్పలేకపోతే ఆ క్యాన్ ఇవ్వకండి. లీటరుకు రెండు రూపాయలు తక్కువొచ్చినా ఆ లిస్టులో ఉన్నవాళ్ళకే ఇవ్వండి. సింకులో మాత్రం పోయొద్దు.

లోపల జరిగేది ఇదీ. నూనె అణువులో ఒక గ్లిజరిన్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉంటాయి. మిథనాల్, కాస్త కాస్టిక్ సోడా కలిపి 60 డిగ్రీల దగ్గర తిప్పితే గ్లిజరిన్ విడిపోయి, ఆ చోటికి మిథనాల్ వచ్చి చేరుతుంది. తిప్పడం ఆపి వదిలేస్తే కళ్ళెదుటే రెండు పొరలు కడుతుంది. అడుగున ముదురు గోధుమరంగు గ్లిజరిన్, పైన తేనెరంగులో పలచని బయోడీజిల్. నూరు కిలోల నూనెకు దాదాపు నూరు కిలోల బయోడీజిల్, పది కిలోల గ్లిజరిన్ వస్తాయి. గ్లిజరిన్ శుద్ధి చేస్తే సబ్బులకు, మందులకు పోతుంది.

చదవడానికి సులువుగా ఉంది కదా అని ఇంట్లో మాత్రం చేయొద్దు, గట్టిగా చెప్తున్నాను. మిథనాల్ కొంచెం లోపలికి పోయినా చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. దాని మంట పగటి వెలుతురులో కనిపించదు, అంటుకున్న సంగతి చెయ్యి కాలాకే తెలుస్తుంది. పైగా వేపుళ్ళ నూనెలో నీరు, విడి ఆమ్లాలు ఎక్కువ. నేరుగా కాస్టిక్ వేస్తే డీజిల్ బదులు సబ్బు గడ్డకడుతుంది. ముందు ఆమ్లంతో ఒక విడత శుద్ధి చేయాలి. అది ప్లాంటులో జరగాల్సిన పని.

ఈ నూనెకు రాబోయే రోజుల్లో గిరాకీ పెరుగుతుంది. విమాన ఇంధనంలో ఇలాంటి వాటి నుంచి తీసినది కలపాలని మన దేశం లక్ష్యం పెట్టుకుంది: అంతర్జాతీయ విమానాలకు 2027లో 1 శాతం, 2028లో 2 శాతం. మీ సకినాల నూనె శంషాబాద్‌లో విమానం ఎక్కే రోజు రావచ్చు, అందుకు మీ దగ్గర రసీదు అలవాటు ఇప్పటి నుంచే ఉండాలి.

ప్రశ్న: నాది 2015 స్కూటర్. ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చాక మైలేజీ తగ్గిందనిపిస్తోంది. నా భ్రమా? (ఉప్పల్)

జవాబు: భ్రమ కాదు. లీటరు పెట్రోలులో ఉండే శక్తి సుమారు 32 మెగాజౌళ్ళు, ఇథనాల్‌లో 21. ఇరవై పాళ్ళు కలిపితే లీటరుకు దాదాపు 7 శాతం శక్తి తగ్గుతుంది. ఇథనాల్ ఆక్టేన్ ఎక్కువ కాబట్టి దానికి తగ్గట్టు చేసిన కొత్త ఇంజిన్లలో కొంత తిరిగొస్తుంది, మీ పాతదాంట్లో అంత రాదు. అంతకంటే నేను పట్టించుకోమనేది రబ్బరు భాగాలు. పాత హోసులు, సీళ్ళు ఇథనాల్‌కి ఉబ్బి పగులుతాయి. సర్వీసింగ్‌లో పెట్రోలు పైపు చూపించి, మెత్తబడితే మార్పించండి. బండిని నెలల తరబడి సగం ట్యాంకుతో వదిలేయకండి. ఇథనాల్ గాలిలో తేమని లాక్కుంటుంది, నీరు ఎక్కువైతే అడుక్కి దిగుతుంది. ఇంజిన్ సంగతి టెన్షన్ పడాల్సినంత లేదు.

ప్రశ్న: నేను గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తాను, మా పొలం నల్గొండ జిల్లాలో. యాసంగి కోతలయ్యాక ఊరంతా వరికొయ్యలకు నిప్పు పెడుతున్నారు. గడ్డి నుంచి ఇథనాల్ తీస్తారని విన్నాను. నలుగురం కలిసి చిన్న ప్లాంటు పెట్టొచ్చా? లేక మక్కల ఇథనాల్ ప్లాంటు మేలా?

జవాబు: మీ మనసు మంచిది బాబూ, కానీ గడ్డి ఇథనాల్ ప్లాంటు నలుగురు మిత్రుల పని కాదు. హరియాణాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ కట్టినదాన్ని 2022 ఆగస్టు 10న ప్రారంభించారు. ఖర్చు 900 కోట్ల పైనే. ఏడాదికి రెండు లక్షల టన్నుల వరిగడ్డి వాడి మూడు కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలని లెక్క. భాగించి చూడండి, టన్ను గడ్డికి 150 లీటర్లు. అదే టన్ను నూకల నుంచి 450, టన్ను మక్కల నుంచి 380 లీటర్ల దాకా వస్తాయి.

ఈ తేడా ఎందుకంటే, నూకల్లో ఉన్నది పిండి. ఎంజైము తగిలితే చక్కెర అయిపోతుంది. గడ్డిలో చక్కెర ఉన్నా అది సెల్యులోజ్ రూపంలో గట్టిగా అల్లుకుని, చుట్టూ లిగ్నిన్ పూత పూసుకుని ఉంటుంది. అదే కదా వరి మొక్కని గాలికి నిలబెట్టేది. ముందు ఆవిరితో, ఆమ్లంతో ఆ పూత వదిలించాలి, తర్వాత ఖరీదైన ఎంజైములు పోయాలి. అప్పటికీ వచ్చిన చక్కెరలో ఒక భాగం ఐదు కర్బనాల జైలోజ్. కల్లు పులియబెట్టే ఈస్టు దాన్ని ముట్టుకోదు, ప్రత్యేకమైన ఈస్టు కావాలి. ఇవన్నీ సాధ్యమే. కానీ ఫ్లాస్కులో వచ్చినంత తేలిగ్గా వెయ్యి టన్నుల దగ్గర రాదు. గడ్డితో వచ్చే మట్టి, ఇసుక పంపుల్ని అరగదీస్తాయి.

మక్కల ప్లాంటు గురించి ఒక మాట. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో, నారాయణపేట జిల్లా చిత్తనూరులో ఇథనాల్ ఫ్యాక్టరీల మీద జనం రోడ్డెక్కారు. నీళ్ళ గురించీ కంపు గురించీ అడిగారు. అడగడం వాళ్ళ హక్కు. ఫెర్మెంటేషన్ ప్లాంటులో స్పిరిట్ కంటే దాని అడుగు నీళ్ళు, అంటే స్పెంట్ వాష్, ఎన్నో రెట్లు వస్తాయి. వాటిని ఏం చేస్తారో ఊరికి ముందే చూపించలేని ప్లాంటు పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

మీ జిల్లాలోనే ఒక పాఠం ఉంది. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ఊక ఎవరైనా ఊరికే తగలబెడుతున్నారా? ఉప్పుడు బియ్యం ఉడకబెట్టే బాయిలర్లకు అదే ఇంధనం, మిగిలింది అమ్ముడుపోతుంది. వడ్ల బరువులో దాదాపు ఐదో వంతు ఊకే. ఊకా గడ్డీ ఒకే మొక్కవి, మంటలో ఇచ్చే వేడి కూడా ఇంచుమించు సమానమే. ఒకటి అమ్ముడుపోతోంది, ఇంకొకటి పొలంలో కాలిపోతోంది. ఊక మిల్లు దాకా తనే వచ్చి పోగవుతుంది. గడ్డి పొలంలో పరుచుకుని ఉంటుంది, తర్వాతి పంటకు టైము లేదు, ఎత్తడానికి కూలీ లేదు. కోత మిషన్ వచ్చాక సమస్య అంతా ఇక్కడే ఉంది.

అందుకని మీ నలుగురి డబ్బు గడ్డి కట్టలు కట్టే బేలరు మీద పెట్టండి. విడిగడ్డి ఘనపు మీటరుకు యాభై అరవై కిలోలే తూగుతుంది, ట్రాలీ నిండినట్టు కనిపిస్తుంది కానీ తూకంలో ఏమీ ఉండదు. కట్ట కడితే అదే చోట రెండింతలు పైగా పడుతుంది. మొదటి బేరం డెయిరీలకు. పశువు తినేదాన్ని బాయిలరులో వేయడం నాకు నచ్చదు. తడిసి నల్లబడి, మేతకు పనికిరాని గడ్డిని పెల్లెట్లు, అంటే గట్టిగా నొక్కిన ఇంధన గుళికలు, చేసేవాళ్ళకు అమ్మండి. బొగ్గు కరెంటు ప్లాంట్లు బొగ్గుతో పాటు 5 శాతం ఇలాంటి పెల్లెట్లు కాల్చాలని 2021లో కేంద్రం విధానం తెచ్చింది. వరిగడ్డిలో సిలికా, పొటాష్ ఎక్కువ కాబట్టి ఒట్టి గడ్డి పెల్లెట్ల బూడిద బాయిలరు గొట్టాల మీద కరిగి గడ్డకడుతుంది. పత్తికట్టె కలిపితే ఆ బాధ తగ్గుతుంది, పత్తికట్టెకు మన దగ్గర కొదవ లేదు.

ఇవేవీ కుదరకపోతే గడ్డిని దున్ని నేలలో కలిపేయమని మీ ఊళ్ళో చెప్పండి. టన్ను గడ్డిలో ఐదున్నర కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్ ఉంటాయి. నిప్పు పెడితే నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది. మళ్ళీ ఆ నత్రజని కోసమే యూరియా షాపు ముందు చెప్పులు పెట్టి లైను కడుతున్నాం.

ప్రశ్న: యుద్ధం రోజుల్లో బస్సులు బొగ్గుతో నడిచేవని మా నాన్నగారు చెప్పేవారు. నిజమేనా? ఆవిరి బస్సులా? (మలక్‌పేట)

జవాబు: నిజమే. ఆవిరివి కావు, గ్యాసువి. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు కరువొచ్చి దేశమంతటా బస్సుల వెనక ఒక పొడుగాటి డ్రమ్ము బిగించారు. అందులో కట్టెబొగ్గు వేసి, చాలీచాలని గాలితో మండిస్తే పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడ్, కొంత హైడ్రోజన్ వస్తాయి. ఆ గ్యాసుని చల్లార్చి, వడకట్టి ఇంజిన్‌కి ఇస్తే పెట్రోలు ఇంజినే నడుస్తుంది, బలం మాత్రం తగ్గుతుంది. ఎత్తు ఎక్కాలంటే జనం దిగాల్సిందే. ఇవాళ గ్యాసిఫయర్ అంటున్నది దాన్నే. ఊక, పత్తికట్టె వేసి కొన్ని మిల్లుల్లో నడుపుతున్నారు. తారు సరిగ్గా వడకట్టకపోతే వాల్వులు జిగురు పట్టి ఆగిపోవడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

ప్రశ్న: నేను ఉస్మానియాలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. బయోమాస్ అంటే అందరూ ఇంధనమే అంటున్నారు. తగలబెట్టడం తప్ప రసాయనాలు తీసే పరిశ్రమ నిజంగా ఉందా? ఉద్యోగాలుంటాయా? (తార్నాక)

జవాబు: నాకు చాలా ఇష్టమైన ప్రశ్న అడిగావమ్మా. ఇంధనం అన్నిటికంటే చవకైన సరుకు. బొగ్గుతో, పెట్రోలుతో ధరలో పోటీపడాలి. అందుకే ఏ మొక్కలోనైనా విలువైనది ముందు తీసి, ఇంక తీయడానికేమీ లేదన్నప్పుడే పొయ్యిలో పెట్టాలి.

శ్రీకాకుళం జిల్లా పలాస వెళ్ళు. జీడిపప్పు ఒలిచాక మిగిలే తొక్కులో నాలుగో వంతు నల్లటి నూనె. పప్పు ఒలిచే ఆడవాళ్ళ వేళ్ళు చూస్తే తెలుస్తుంది ఆ నూనె ఎంత ఘాటైనదో. చర్మం నల్లగా కాలి పొట్టు లేస్తుంది. గ్లవుజులు ఇవ్వని యజమానిని క్షమించకూడదు. ఆ నూనెలోని అనకార్డిక్ ఆమ్లాన్ని వేడిచేస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి కార్డనాల్ మిగులుతుంది. ఒకవైపు ఫినాల్, మరోవైపు పదిహేను కర్బనాల తోక. ఆ ఫినాల్ కొస వల్ల రెసిన్ కడుతుంది, తోక వల్ల నీటిని రానివ్వదు. లారీ బ్రేకు లైనింగుల్లో, ఓడల పెయింట్లలో అది ఉంటుంది. ఇంత మంచి అణువుని పెట్రోలియం నుంచి చేయాలంటే తలప్రాణం తోకకొస్తుంది.

ఇంకా దగ్గర్లో ఆముదం ఉంది. పాలమూరు, నల్గొండ మెట్ట పొలాల్లో పండించేవారు. ప్రపంచ ఆముదంలో సింహభాగం మన దేశానిదే, ఇప్పుడు ఎక్కువగా గుజరాత్‌ది. ఆముదంలో ఎక్కువగా ఉండే రిసినోలిక్ ఆమ్లంలో పన్నెండో కర్బనం మీద ఉన్న హైడ్రాక్సిల్ వల్ల దాన్ని సరిగ్గా కావలసిన చోట విరగ్గొట్టొచ్చు. క్షారంతో కాచితే సెబాసిక్ ఆమ్లం, మిథైల్ ఎస్టరు చేసి 500 డిగ్రీల దగ్గర విరగ్గొడితే అన్‌డెసిలినిక్ ఆమ్లం. దాని నుంచి నైలాన్-11, అంటే వాహనాల బ్రేకు గొట్టాలకు వాడే ప్లాస్టిక్. రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంస్థలో ఆముదం మీద పనిచేసేవాళ్ళున్నారు, వెళ్ళి కలువు.

గింజలు ఒలిచిన మక్కకంకుల్ని ఆమ్లంతో, ఆవిరితో ఉడికిస్తే ఫర్ఫ్యూరాల్ అనే రసాయనం వస్తుంది. అమెరికాలో క్వేకర్ ఓట్స్ కంపెనీ ఓట్స్ పొట్టు కుప్పలు వదిలించుకోలేక 1920ల మొదట్లోనే దీన్ని ఫ్యాక్టరీలో తీసింది. ఇవాళ ఫౌండ్రీల్లో ఇసుక అచ్చులు కట్టే రెసిన్‌కి మూలం ఇదే. లిగ్నిన్ మాత్రం ఇంకా మనకు లొంగలేదు. నార్వేలో ఒక కంపెనీ కలప లిగ్నిన్ నుంచి వెనిల్లా వాసన ఇచ్చే వెనిలిన్ తీస్తోంది, కానీ ప్రపంచంలో పేపరు మిల్లులు దాదాపు అన్నీ లిగ్నిన్‌ని నల్ల ద్రావకంగా బాయిలర్లోనే కాలుస్తున్నాయి. నీ తరం చేయాల్సిన పని అక్కడుంది.

ఉద్యోగం మాటకొస్తే, సింథసిస్ బాగా వచ్చినవాళ్ళు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు, ఫార్మా కంపెనీల పుణ్యమా అని. వేరుచేయడం వచ్చినవాళ్ళు తక్కువ. బయోమాస్‌లో ఖర్చంతా అక్కడే. వంద లీటర్ల నీళ్ళలో ఐదు కిలోల సరుకు ఉంటే దాన్ని బయటికి తీయడానికి ఎంత ఆవిరి పడుతుందో చెప్పగలిగిన అమ్మాయిని ఏ ప్లాంటువాళ్ళైనా తీసుకుంటారు. డిస్టిలేషన్, ఎక్స్‌ట్రాక్షన్, ఫిల్ట్రేషన్ బాగా నేర్చుకో. సెలవుల్లో ఐ.ఐ.సి.టి.లో ప్రాజెక్టుకు ప్రయత్నించు, మీ క్యాంపస్‌కి నడిచి వెళ్ళేంత దూరమే.

ప్రశ్న: కొబ్బరిబొండాల బండి మాది. రోజూ ఒక ఆటో నిండా డొక్కలు మిగులుతాయి. గ్యాసు ప్లాంటువాళ్ళు వద్దంటున్నారు. ఎవరికివ్వాలి? (ఎల్.బి.నగర్)

జవాబు: వాళ్ళు వద్దనడం న్యాయమే అన్నా. లేత డొక్క నిండా నీరు, లోపలంతా పీచు. సూక్ష్మజీవులకు అరగదు, పచ్చిగా ఉన్నంతకాలం మండదు. బొండం కొట్టగానే డొక్కని నాలుగు చీలికలు చేసి ఎండలో పడేయండి. డొక్క అలాగే పారేస్తే నీళ్ళు నిలిచి దోమలు పెరుగుతాయి, చీలిస్తే ఆ బెడదా ఉండదు. మన ఎండకు వారం పది రోజుల్లో బరువు చాలా దిగిపోతుంది, అప్పుడు ఇటుక బట్టీలవాళ్ళు, బ్రికెట్లు (నొక్కి చేసిన ఇంధన దిమ్మలు) చేసేవాళ్ళు తీసుకుంటారు. పక్కనున్న బండ్లవాళ్ళతో మాట్లాడి అందరివీ ఒకే ఖాళీ స్థలంలో ఎండబెట్టండి. ఒక్క బండి డొక్కల కోసం లారీ రాదు, ఇరవై బండ్లవి ఒకచోట ఉంటే వస్తుంది. చీల్చేటప్పుడు ప్లాస్టిక్ స్ట్రాలు ఏరి పక్కన పెట్టండి, అవి కలిసిన లోడు ఎవరూ కొనరు.